పరచిత్త జ్ఞానము

తలచుకొన్న మనిషి అంతలోనే గుమ్మములో నిలిచినచో "నీకు నూరేండ్లు ఆయుస్సు" అందుము. అన్నము తినుచుండగా పొలమారినచో ఎవరో మనలను తలచుచున్నారందుము. జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల నుండి అనేకులు గల్ఫు దేశములకు పోయినందున ఇప్పుడీ ముచ్చట ఫోనునకు కూడ ప్రాకినది. బీడీలు చుట్టుచున్న తల్లి "ఇప్పుడే మావాడు యాదికొచ్చిండు" అనుచుండగనే ఫోను మ్రోగును. కుమారుడు "మంచిగున్ననమ్మా" అని ముగించక మునుపే ఆమె "ఏమైంది బిడ్డా?" అని అడుగును. కడుపులో దాచుకొన్నది ఈమెకెట్లు తెలిసెనని వాడు అబ్బురపడును.

ఇది మహిమయా? దుబాయి గడియారము మన దానికంటె గంటన్నర వెనుక. కుమారుడు అక్కడ రాత్రి 8 గంటలకు పని చాలించి మాటలాడుట అలవాటైనచో, ఇక్కడ 9:30 అగుసరికి తల్లి మనస్సు దానంతటదే అటు మరలును. తలచినను ఫోను రాని రాత్రులను ఎవరును లెక్కపెట్టుకొనరు. ఇక గొంతు సంగతి. ఉయ్యాలనాటి నుండి ఆ గొంతును విన్న చెవికి ఒక్క క్షణము తడబాటు చాలును. సిరిసిల్ల మరమగ్గముల చప్పుడులో మాట వినబడదు. ప్రక్కవాని కనుబొమ, చేతి సైగ చూచి పని నడుపుకొందురు. కొత్తగా చూచువానికి అదియు మనస్సు చదువుటవలెనే తోచును.

పాశ్చాత్యులలో ఫ్రెడరిక్ మయర్స్ అను ఆంగ్ల పండితుడు 1882లో దీనికి 'టెలిపతి' అని పేరు పెట్టినాడు. మనకిది కొత్త విషయము కాదు. పతంజలి యోగసూత్రములలో విభూతిపాదమునందు పరచిత్త జ్ఞానము ఒక సిద్ధిగా చెప్పబడినది. అయితే దానికొక హద్దు కూడ అక్కడనే కలదు. ఎదుటి చిత్తము రాగముతో నిండియున్నదని యోగి ఎరుగునే కాని, ఆ రాగము ఏ వస్తువుపైననో ఎరుగడని వ్యాసభాష్యము వివరించినది. తల్లికి కుమారుని దుఃఖము తెలిసినది, కారణము తెలియలేదు. కనుకనే "ఏమైంది?" అని అడిగినది. యోగికే ఈ హద్దున్నపుడు, ముఖము చూచి మనసులోనిదంతయు చెప్పెదమని రూకలు పుచ్చుకొనువారి సంగతి వేరుగ చెప్పవలెనా?

శ్రీమద్రామాయణమున విభీషణ శరణాగతి ఘట్టమును మన వైష్ణవ గృహములలో ఎరుగనివారుండరు. కాని యుద్ధకాండ 17వ సర్గలో హనుమంతుడు చెప్పిన మాటలను మరొకసారి నిదానముగా చదువవలెను. చారులను పంపుడని ఒకరు, ప్రశ్నించి చూడుడని ఒకరు సలహా చెప్పినారు. ఆంజనేయుడు ఒప్పుకొనలేదు. బుద్ధిమంతుని ఉన్నట్లుండి ప్రశ్నించినచో వాడు శంకించును. మిత్రుడు కాదగినవాడు చెడిపోవును. అతని మాటలో దుష్టభావము కానరాలేదు, ముఖము ప్రసన్నముగా నున్నది. మనిషి ఎంత దాచినను లోని భావమును ఆకారము బయటపెట్టకపోదు. ఇట్లు చెప్పిన హనుమ దివ్యదృష్టితో చూచితినని అనలేదు. చూచినాడు, విన్నాడు, కారణములు చెప్పినాడు.

నేటి మనోవైద్యులు చేయునదియు చాలవరకిదే. గుచ్చి గుచ్చి అడుగరు. రోగి ఊపిరి, తల వంచిన తీరు, ఆగిపోయిన వాక్యము గమనించి "మీకు భయముగా నున్నదా?" అందురు. రోగి "నా మనసులోనిది ఎట్లు కనుగొంటిరి?" అనును. మంచి వైద్యుడు "అవునా, కాదా?" అని మరల అతనినే అడుగును; కాదన్నచో తన ఊహను విడిచిపెట్టును. సిరిసిల్లలో అప్పులకు క్రుంగి నేత కార్మికులు ప్రాణములు తీసికొన్న రోజులు ఈ ప్రాంతమువారు మరువలేదు. అట్టివారి ఇంట "వాని మనసు మాకు తెలియును" అని ఊరకుండుట ప్రమాదము. తెలిసినట్లుండుట వేరు, అడిగి వినుట వేరు. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును. మనోవ్యాధిగలవారిని కొండగట్టు అంజన్న సన్నిధికి తీసికొనివచ్చి కొన్నాళ్ళుంచు ఆచారము కలదు. మంచిదే, కాని వైద్యుడిచ్చిన మందు మానిపింపరాదు. సంజీవనికై పర్వతమునే మోసికొనివచ్చిన స్వామికి ఔషధము విరోధమా?

అన్ని మనస్సులు సంపూర్ణముగా నెరిగినవాడు అంతర్యామి యొక్కడే. అట్లయిన మొర వినిపింపనేల యని కొందరందురు. కుచేలోపాఖ్యానమును చూడుడు. ద్వారకకు వచ్చిన బ్రాహ్మణుని ఆకలి, భార్య పంపిన కారణము, చినిగిన వస్త్రములో దాచిన అటుకులు, అన్నియు స్వామికి తెలియును. అయినను "నీ దారిద్ర్యము నాకు తెలియును" అని ఒక్క మాట అనలేదు. కాళ్ళు కడిగి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చేయి పట్టుకొని, గురుకులములో కట్టెలకై అడవికి పోయి గాలివానలో చిక్కుకొన్న రాత్రిని గూర్చి మాటలాడినాడు. ఆ పిమ్మట "నాకేమి తెచ్చితివి?" అని అడిగినాడు.