ఆడేది ఎవరో, కరిగేది ఎవరి సమయం?

"హజ్రత్, పిల్లవాడు తానైనా ఆడటం లేదు. ఎవడో ఆడుతుంటే చూస్తూ ఇషా వేళ దాటిస్తున్నాడు. ఇది హరామ్ కాదా?" అని అడిగే తల్లిదండ్రులు మాకు తరచుగా ఎదురవుతున్నారు. ఈ గేమింగ్ ఛానెళ్ల మోజు తగ్గిపోయిందనీ, దానంతట అదే పోతుందనీ మరికొందరు వారికి ధైర్యం చెబుతుంటారు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. 2020లో, లాక్‌డౌన్ల ఏడాదిలో, తమ గేమింగ్ వీడియోలను ప్రపంచవ్యాప్తంగా జనం 10,000 కోట్ల గంటలు చూశారని యూట్యూబ్ సంస్థ స్వయంగా ప్రకటించింది. ఆ ఉధృతి అంతటా నిలవలేదన్నది నిజమే. మైక్రోసాఫ్ట్ వారి మిక్సర్ 2020 జూలైలోనే మూతపడింది. అమెజాన్ 2014లో సుమారు 97 కోట్ల డాలర్లకు కొన్న ట్విచ్‌లో 2021 తర్వాత వీక్షణ తగ్గింది. 2024 జనవరిలో 500 మందికి పైగా ఉద్యోగులను తొలగిస్తున్నట్లు ఆ సంస్థ ప్రకటించింది. మన దేశంలో పబ్‌జీని 2020 సెప్టెంబరులో నిషేధిస్తే, 2021లో అదే ఆట వేరే పేరుతో వచ్చింది. 2022లో దాన్ని ఆపితే 2023లో మళ్లీ వచ్చింది. ఒక దుకాణం మూతపడితే జనం పక్క దుకాణానికి వెళ్తున్నారు, అంతే. కనుక దానంతట అది పోతుందని కూర్చోవడం తల్లిదండ్రులకు తగదు. అసలు ఆదరణ పెరగడం, తరగడం ధర్మాధర్మాలకు కొలబద్ద కాదు.

ఇక అసలు ప్రశ్న. ఇతరుల ఆట చూడటమే తప్పని తొందరపడి అనేవారికి ఒక హదీసు గుర్తుచేస్తాము. పండుగ రోజున అబిసీనియావాసులు మస్జిదులో బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, దైవప్రవక్త (సల్లం) హజ్రత్ ఆయిషా (రజి)ను తన వెనుక నిలబడి చూడనిచ్చారు. ఆమెకు తనివి తీరేదాకా ఆయన ఓపికగా నిలబడ్డారు. పిల్లల వినోద కాంక్షను గుర్తించాలన్న బోధ కూడా ఆమె మాటల్లో ఉంది. కాబట్టి తమాషా చూడటం దానంతట అది పాపమని మేము అనలేము.

అయితే ఆ ఉదంతంలో 'తనివి తీరడం' అన్న చోట కాస్త ఆగి ఆలోచించాలి. చూసేవారికి ఒక దశలో చాలనిపించింది, చూపు మరల్చుకున్నారు. నేటి ఛానెళ్ల ఏర్పాటు దీనికి సరిగ్గా విరుద్ధం. ఒక వీడియో అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలవుతుంది. ప్రత్యక్ష ప్రసారమైతే గంటలు గంటలు సాగుతుంది. చాలు అనే భావన పుట్టకముందే తర్వాతి విస్తరి వేస్తారు. ఎందుకంటే ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు చూపవచ్చు. అంటే పిల్లవాడి సమయమే అక్కడ అమ్ముడుపోయే సరుకు. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఇక్కడ ఆ రెండూ ఒకేసారి పోతున్నాయి.

(రోజంతా క్రికెట్ ముందు కూర్చునే అబ్బాజాన్, సీరియల్ పూర్తయ్యేదాకా లేవని అమ్మీజాన్ చెబితే ఈ మాట ఇంట్లో ఎవరు వింటారన్నది వేరే సంగతి.)

మందలించే ముందు ఒక గంట పిల్లవాడి పక్కన కూర్చుని అతను చూసేదేమిటో చూడండి. కొందరు వ్యాఖ్యాతలు మర్యాదగా మాట్లాడతారు. కొందరి నోట మాట మాటకూ బూతే. ఈ తేడా తెలియకుండా మనం చేసే నిషేధానికి పిల్లల వద్ద విలువ ఉండదు. సమయం కూడా వారితో మాట్లాడే ఖరారు చేయండి: నమాజు, చదువు, నిద్ర పోగా మిగిలిన దానిలో ఎంత అన్నది వాళ్ల నోటనే చెప్పించండి.

కొందరు యువకులు తామే ఛానెల్ పెట్టి సంపాదించవచ్చా అని అడుగుతున్నారు. పందెం కాసే ఆటలకు ప్రచారం చేసి తీసుకునే సొమ్ము విషయంలో మాకు ఏ సందేహమూ లేదు. అది జూదానికి తోడ్పాటే, నిషిద్ధమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన చట్టం కూడా నిషేధించింది. మిగతా ఆటల మాట మాత్రం ఒక్క ముక్కలో తేలదు. ఆటలో ఏముంది, ఏ ప్రకటనలు వస్తాయి, నమాజు వేళ ప్రసారం ఆపుతారా అన్నవి చూశాకే జవాబు చెప్పగలము.