రాత, మాత్ర

“టీచరమ్మా, నొసట రాసింది ఎంతో అంతే గదా! మాత్ర మింగితే యముడు వెనక్కి పోతాడా?”

హోసూరు చంద్రచూడేశ్వర స్వామి కొండ మీద సాయంత్రం పూట చేరే మాలాంటి ముసలివాళ్లలో ఒక పెద్దాయన తరచూ వేసే ప్రశ్న ఇది. సూళగిరి పక్క పల్లెలో సేద్యం చేసి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. బీపీ ఉంది. మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి. మింగడు.

అది మొండితనమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. నేనూ డెబ్బై దాటి, రోజూ బీపీ మాత్ర వేసుకునేదాన్నే కాబట్టి ఆ ప్రశ్న నాది కూడా. బతుకు మీద ఆశ తగ్గించుకోవలసిన వయసులో ఒంటిని ఇంతగా పట్టుకు వేలాడటం మోహం కాదా?

ఈ జబ్బు తీరే వేరు. జ్వరమొస్తే ఒళ్లు చెబుతుంది. బీపీ చాలామందికి ఏమీ చెప్పదు. వయసుతో రక్తనాళాలు బిరుసెక్కుతాయి, పై అంకె పెరుగుతుంది, ఏళ్ల తరబడి గుండెనీ మెదడునీ మూత్రపిండాలనీ లోలోపలే దెబ్బ తీస్తుంది. నొప్పి లేదు కాబట్టి మనిషి ఆసుపత్రికి పోడు. అలాంటివాళ్ల ఇళ్లకే వైద్యం వెళ్లాలని తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం తెచ్చింది. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ దాన్ని ప్రారంభించింది మా కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీకి, చక్కెర జబ్బుకు మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు. మా వీధికొచ్చే అమ్మాయి “అవ్వా, చెయ్యి కదపకు, మాట్లాడకు” అంటూ పట్టీ చుట్టి, అంకె చూసి పుస్తకంలో రాసుకుంటుంది. మాత్ర అలా గడప దాకా వచ్చింది. గడప నుంచి నోటి దాకా తీసుకుపోవలసింది మనమే. రాత అనే మాట అక్కడే అడ్డం పడుతోంది.

రాత గురించి మాట్లాడేటప్పుడు మార్కండేయుణ్ణి తలుచుకోవాలి. పదహారేళ్లే ఆయుస్సని ముందే తెలిసిన బిడ్డ. గడువు ఎప్పుడు తీరుతుందా అని కూర్చోలేదు, పోయి శివలింగాన్ని వాటేసుకున్నాడు. రాత తెలిసినవాడే చేయగలిగింది చేశాడు. మనకా రాత తెలియనే తెలియదు. తెలియనిదాన్ని సాకు పెట్టి తెలిసిన పని మానుకుంటే భక్తి ఎలా అవుతుంది? అయినా, ఆ మాత్ర మన ఇల్లు వెతుక్కుంటూ రావడం కూడా రాతే ఎందుకు కాకూడదు?

ఇక మోహం సంగతి. మోహమంటే ఫలం మీద కన్ను. తలనొప్పి మాత్ర వేసుకుంటే కాసేపట్లో హాయి తెలుస్తుంది. బీపీ మాత్ర వేసుకుంటే తెలిసేదేమీ లేదు. రాకుండా పోయిన పక్షవాతాన్ని ఎవరూ చూడలేరు. ఫలం లేదని కాదు. ఎనభై దాటిన 3,845 మంది మీద జరిగిన హైవెట్ అధ్యయనం 2008లో వెలువడింది. మందు తీసుకున్నవాళ్లలో మొత్తం మరణాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. కానీ ఆ లెక్క వేలమందిని కలిపి చూస్తేనే తేలుతుంది, నా ఒక్కదాని ఒంట్లో నాకెప్పటికీ కనబడదు. అందుకే సందెదీపం పెట్టినట్టు, వేళ తప్పకుండా, ఏమొచ్చిందని అడక్కుండా చేయవలసిన పని ఇది. గీత చెప్పిన కర్మను ఈ వయసులో ఇంతకన్నా నేరుగా అభ్యసించే దారి నాకు కనబడలేదు.

ఏకాదశి నాడు మాత్ర మానేసేవాళ్లు నాకు తెలుసు. వ్రతభంగం చేయనివని మన పెద్దలు ఎనిమిదింటిని లెక్కపెట్టారు. నీరు, దుంపలు, పండ్లు, పాలతో పాటు మందు కూడా అందులో ఉంది. రంజాన్ ఉపవాసం విషయంలో రోగులకు ఖురాన్ కూడా వెసులుబాటు ఇచ్చింది. దేవుడు అడగని త్యాగం మనం ఎందుకు చేయాలి?

చేయవలసిన త్యాగం ఉప్పు దగ్గరుంది. మామిడి మా జిల్లా పంట, ఊరగాయ లేనిదే సంగటి ముద్ద గొంతు దిగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, చిన్న చెంచాకన్నా తక్కువ. కుంభకోణం దగ్గర ఉప్పిలియప్పన్ గుడిలో స్వామికి ఉప్పు లేని నైవేద్యమే పెడతారు. స్థలపురాణంలో స్వామి పెళ్లాడిన పిల్లను పెంచింది మార్కండేయుడే. ఉప్పేసి వండటం కూడా తెలియని పసిదని ఆయన అంటే, ఉప్పు లేకుండానే తింటానని స్వామి ఒప్పుకున్నాడు. పిల్లను అడగవచ్చినప్పుడు స్వామి వేసుకున్నది ముసలివాడి రూపం. ఆ కథ నాలాంటివాళ్ల కోసమే అనిపిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా ధర్మంలో భాగమే. ఎక్కువ మందులు వేసుకుంటే ఎక్కువ పుణ్యం లేదు. ముసలి ఒంట్లో మోతాదు మించితే లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, పడితే తుంటి విరుగుతుంది. అయిదు నిమిషాలు నిమ్మళంగా కూర్చున్నాక చూసి, నిలబడిన మూడు నిమిషాల లోపు మళ్లీ చూడమనాలి. పై అంకె 20 గానీ, అంతకుమించి గానీ తగ్గితే డాక్టరుకు చెప్పాలి. మనంతట మనం మానడమూ వద్దు, పెంచడమూ వద్దు.

గుడిలో మనమందరం కోరేది దీనత లేని బతుకు, యాతన లేని చావు. మాత్ర వేసుకున్నవాళ్లందరికీ ఆ వరం దక్కదు. అన్ని జాగ్రత్తలూ పాటించి మంచాన పడ్డవాళ్లున్నారు. వాళ్లను చూసి “ఏం పాపం చేశారో” అనడమే పాపం. కానీ మంచాన పడితే ఒళ్లు తుడిచేది, పక్కబట్టలు మార్చేది, రాత్రులు మేలుకునేది చాలా ఇళ్లలో కోడలో కూతురో. మా తరం ఆ చాకిరీని వాళ్ల విధి అనుకుంది గానీ మన మీద అప్పు అనుకోలేదు. తన ఆయుస్సు మీద ఆశ లేనివాళ్లు ఆ ఆడపిల్లల నడుములను తలుచుకునైనా మాత్ర వేసుకోవాలి. అలా వేసుకున్న మాత్రను మోహమంటే నేను ఒప్పుకోను.