ఖాళీ బల్లకు మోకరిల్లినవారు

పాల్ హెంట్‌స్నర్ అనే జర్మన్ న్యాయవాది 1598లో ఒక ప్రభువంశపు యువకునికి గురువుగా తోడు వెళ్ళి ఇంగ్లండు చూశాడు. గ్రీనిచ్ రాజసౌధంలో ఎలిజబెత్ రాణినీ, ఆమె కొలువునూ చూసి లాటిన్ భాషలో రాసిన ఆయన యాత్రాగ్రంథం 1612లో అచ్చయింది. యాత్రాసాహిత్యం మాట వచ్చినప్పుడల్లా ఆయన నిజాయితీని నేను విద్యార్థుల ముందు మెచ్చుకుంటూ వచ్చాను.

అది మెచ్చుకోదగినదే. రాణి ముఖంమీది ముడతలను, నల్లబడిన పళ్ళను, పెట్టుడు జుట్టును ఆయన దాచలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1596లో, రాణిని వికారంగా చూపే చిత్రాలను వెదకి నాశనం చేయమని ఆమె మంత్రిమండలి ఉత్తర్వు చేసివున్నది. స్వదేశపు చిత్రకారుడు గీయడానికి భయపడే ముఖాన్ని పరదేశి నిస్సంకోచంగా వర్ణించాడు.

భోజనపు తంతు మరీ విచిత్రం. రాణి ఆ గదిలో లేదు. బల్ల మాత్రమే వున్నది. గుడ్డ పరచవచ్చినవారు ఆ బల్లకే మూడుసార్లు మోకరిల్లారు. వంటకాలు మోసుకొచ్చిన భటుల చేతనే, విషభయంతో, తలా ఒక ముద్ద తినిపించారు. ఆ తరువాత ఆహారం రాణి ఏకాంతమందిరానికి వెళ్ళింది. వంగినవారికే కాదు, వారిని వంచిన సింహాసనానికీ భయమే ఆధారమని యీ దృశ్యం చెప్పకనే చెబుతుంది.

మొన్న తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "మరి ఆ తలలు ఎవరివి, మాస్టారూ?" అని అడిగింది.

లండన్ వంతెనమీది బురుజుపై, రాజద్రోహ నేరానికి చంపబడినవారి తలలు యినుప శూలాలకు గుచ్చి వుండేవి. 30కి పైగా లెక్కపెట్టామని హెంట్‌స్నర్ రాశాడు. అవి ఎవరివో రాయలేదు. ఆ ద్రోహమేమిటో అడగనూ లేదు. ఇన్నేళ్ళుగా నేనూ అడగలేదు. రాణి పళ్ళ రంగు దగ్గర ఆగిపోయాను.

పరదేశి నిజాయితీకి ఒక సౌలభ్యం వున్నది: పని ముగియగానే పడవెక్కి వెళ్ళిపోవచ్చు. అక్కడే బతకవలసిన జాన్ స్టబ్స్ 1579లో, రాణి ఫ్రెంచి రాకుమారుణ్ణి పెళ్ళాడరాదని పుస్తకం రాస్తే, ఆయన కుడిచేయి నరికించారు. ఆయన మతాభిప్రాయాలు మనకు నచ్చనక్కరలేదు. కాని నిజం ఖరీదు ఎంతో ఆ చేతిని చూస్తే తెలుస్తుంది.

అలాగని హెంట్‌స్నర్‌ను తీసిపారేయలేము. ఆయన లెక్కపెట్టి రాశాడు గనుకనే యీ అమ్మాయి నన్ను నిలదీయగలిగింది. సాక్షి చూసి చెప్పిన తరువాత ప్రశ్నించే బాధ్యత చదివేవారిది, ముందుగా, చదివించేవారిది. చూపు నిశితమైనదని సంతోషించి పుస్తకం మూసివేయడం కూడా ఒక విధంగా ఖాళీ బల్లకు మోకరిల్లడమే.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. వచ్చే ఏడు యీ పాఠాన్ని రాజసౌధంలో కాక, వంతెన దగ్గర మొదలుపెడతాను.