తరాజు తేల్చని లెక్క

నారాయణఖేడ్ లాంటి ఊళ్లో కిరాణా దుకాణంలో గిరాకీ పలచబడిన మధ్యాహ్నం పూట గల్లా దగ్గర కూర్చున్నవాడి మనసు ఎక్కడెక్కడికో పోతుంది. కందుల ధర నిన్న ఉన్నట్టు ఇవాళ ఎందుకు లేదు? బోణీ కాకముందే ఉద్దెర అడిగితే మనసెందుకు ముడుచుకుంటుంది? కల్లంలో గింజలు కొలిచేవాడు మొదటి కొలతను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని ఎందుకంటాడు, ఆ లాభం అమ్మేవాడిదా కొనేవాడిదా? ఒకే మనిషి కన్నడంలో బేరమాడి, మరాఠీలో ఒప్పుకుని, తెలుగులో లెక్క ఎందుకు అడుగుతాడు? ఈ చివరి ప్రశ్నకు మాత్రం చరిత్రే జవాబు చెబుతుంది. 1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ జిల్లాలో ఒక భాగం మైసూరుకు, ఉద్గీర్ వైపు తాలూకాలు బొంబాయికి పోతే, నారాయణఖేడ్ జహీరాబాద్‌తో పాటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. మిగతా ప్రశ్నలు అంత తొందరగా తెగేవి కావు. పొంతన లేని ఇలాంటి ఆరాలను తత్త్వవిచారం అనొచ్చా, లేక పొద్దుపోని ఊసులంటూ తోసెయ్యాలా అన్నదే ఇక్కడ తేల్చుకోవలసింది. అనొచ్చనే నా వాదన. అయితే అందుకొక షరతు ఉంది, అది వ్యాపారికి అంత సుళువైనది కాదు.

మొదటి అభ్యంతరం యోగశాస్త్రం నుంచి వస్తుంది. చిత్తవృత్తులను నిలిపితేనే యోగం అన్న పతంజలి మాట పట్టుకుంటే, కందుల నుంచి మరాఠీకీ, మరాఠీ నుంచి బోణీకీ దూకే మనసు సాధనకు పనికిరాదు. గట్టి అభ్యంతరమే. కానీ భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూతను చూడండి. దత్తాత్రేయుడని సంప్రదాయం నమ్మే ఆయన యదు రాజుకు తన ఇరవై నలుగురు గురువులను చెబుతాడు. ఆ వరుసలో నేల, గాలి, కొండచిలువ, తేనెటీగ, పింగళ అనే వేశ్య, చేతి గాజులు చప్పుడు చెయ్యకుండా వడ్లు దంచాలని తంటాలు పడ్డ ఒక కన్నెపిల్ల ఉంటారు. ఏ మఠంలోనూ పక్కపక్కన కూర్చోబెట్టని గురువులు వీళ్లు. ఏకాగ్రతను ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడంటే, బాణాలు చేసేవాడి దగ్గర. పక్క నుంచి రాజు మేళతాళాలతో పోతున్నా పని మీద నుంచి చూపు తిప్పనివాడతను. అంటే మనసు ఒక్కచోట నిలపాలన్న పాఠం కూడా నాలుగు దిక్కులూ చూస్తూ తిరిగినవాడికే దొరికింది. గాణుగాపురం దత్తక్షేత్రానికి ఏటా పోయొచ్చే ఈ ప్రాంతం వాళ్లకు, చెదిరిన కుతూహలం తప్పని నూరిపోయడం కష్టం.

అయినా అవధూతకూ దుకాణదారుకూ పెద్ద తేడా ఉంది. అవధూతకు అమ్ముకునే సరుకు లేదు. వ్యాపారి కుతూహలం వెనక ఎప్పుడూ ఎంతో కొంత లాభాపేక్ష ఉంటుంది. ఎదుటివాడి ఊరు, పంట, పిల్ల పెళ్లి గురించి అతను అడిగే కుశలప్రశ్నలో అప్పు తీర్చగలడా లేడా అన్న ఆరా కూడా కలిసే ఉంటుంది. మనుస్మృతి వాణిజ్యాన్ని నిజమూ అబద్ధమూ కలిసిన బతుకుతెరువు అన్నది ఊరికే కాదు. దీనికి భారతంలోనే ఒక సమాధానం ఉంది. శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడితే జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఓర్చుకుంటాడు. ఆ తర్వాత ధర్మం సాధించానని భుజాలు చరుచుకుంటాడు. ధర్మంలో నువ్వు వారణాసిలోని తులాధారుడికి సాటిరావని ఆకాశవాణి చెబుతుంది. వెతుక్కుంటూ వెళితే ఆ తులాధారుడు సుగంధద్రవ్యాలూ రసాలూ అమ్ముకునే మనిషి. మద్యం ఒక్కటే అమ్మడు. ఇతరుల దగ్గర కొన్నది మోసం లేకుండా మారు అమ్ముతానని, తన తరాజు అన్ని ప్రాణుల పట్లా సమంగా నిలుస్తుందని చెబుతాడు. జాజలి ఓర్పు చిన్నది కాదు. కాకపోతే అది చివరికి తనవైపే తిరిగింది. తులాధారుడి చూపు రోజంతా ఎదుటి మనిషి మీద ఉండక తప్పదు. కొనేవాడు లేకుండా తరాజు ఎత్తే పనే లేదు మరి. దుకాణంలో పుట్టే ప్రశ్నలకున్న యోగ్యత కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అవి ఎంత చిల్లరగా కనిపించినా, వెంట పోతే ఎదుటివాడికి నేను ఎంత బాకీ అన్న ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి.

తులాధారుడు చెప్పినదంతా ఒప్పుకోవాలని మాత్రం లేదు. నాగలి నేలనూ నేలలోని ప్రాణులనూ బాధిస్తుందని, ఎద్దులను హింసించి దున్నే సేద్యం పాపమని అతను అంటాడు. జాజలి వెంటనే, సేద్యం లేకపోతే అన్నమెక్కడిది, నీది నాస్తికుడి మాట అని ఎదురు తిరుగుతాడు. నా ఓటు జాజలికే. కంది, పెసర, జొన్న, సోయా, పత్తి మీద బతికే నారాయణఖేడ్‌లో, రైతు పండించినది అమ్ముకుని బతికేవాడు నాగలిని తప్పుపట్టడం మరీ సుఖమైన ధర్మం. ఎద్దు మెడమీది కాడి కనబడినవాడికి, ఆ కాడి మోసిన గింజ తన సంచిలో ఉందన్నది కూడా కనబడాలి కదా.

పైగా తరాజు సమంగా ఉంటే చాలా? దుకాణంలో అసలు చిక్కు తూకంలో కన్నా ఉద్దెర ఖాతాలో ఉంది. తూకం అప్పటికప్పుడు ముగిసే వ్యవహారం, సరుకు ఇచ్చి పైసలు తీసుకుంటే ఎవరి దారి వాళ్లది. ఖాతా అలా ముగియదు. మృగశిర కార్తెలో విత్తనాలకూ ఎరువులకూ ఉద్దెర పెట్టిన రైతు, పంట చేతికొచ్చాక అదే దుకాణానికి గింజలు తోలితే, కాంటా మీద గ్రాము తేడా రాకపోవచ్చు. ధర దగ్గర మాత్రం అతని నోరు పెగలదు. తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర వేసేది కాంటాకే తప్ప, ఆ మొహమాటాన్ని తూచే రాళ్లు వాళ్ల దగ్గరా లేవు. మరాఠీ భక్తకవి తుకారాం కథ ఈ విషయంలోనే వ్యాపారిని ఇరుకున పెడుతుంది. 17వ శతాబ్దంలో దేహూలో దుకాణం నడిపిన కుటుంబంలో పుట్టిన ఆయన, కరువు తర్వాత తన వంతు అప్పు పత్రాలను ఇంద్రాయణి నదిలో వేశాడని చెబుతారు. దుకాణమే ధర్మవిచారానికి చోటైతే ఆ పత్రాలు నీళ్లలో వెయ్యాల్సిన అవసరమేమొచ్చిందని ఎవరైనా అడగొచ్చు. నాకు తోచిన జవాబు ఇది: ఆయన నీళ్లలో వేసింది తరాజును కాదు, కాగితాలను. ఎదుటి మనిషిని సరిసమానంగా నిలబడనివ్వనిది ఏదో ఆయన గుర్తుపట్టాడు.

అందరూ తుకారాంలు కాలేరు, ఉద్దెర ఆగిపోతే ఈ ఊళ్లలో విత్తనం నేలలో పడదు కూడా. మరి హద్దు ఎక్కడ? దానికి జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. బసవన్న 12వ శతాబ్దంలో బిజ్జల రాజు దగ్గర భండారిగా పనిచేసిన కల్యాణం, ఇప్పటి బసవకల్యాణ్, ఇదే బీదర్ సీమలో ఉంది. కాయకం, అంటే కష్టించి చేసే వృత్తే కైలాసమన్న ఆయన అనుచరులు శరణుల్లో కల్లు అమ్మే మారయ్య కూడా ఉన్నాడు. మద్యం అమ్మని తులాధారుడు ఆయన పక్కన కూర్చోవడానికి ఒప్పుకునేవాడో లేదో! ఇక్కడ కావలసినది మరో మారయ్య, రాలిన బియ్యం ఏరుకుని బతికిన ఆయ్దక్కి మారయ్య. ఒకనాడు అతను రోజూకన్నా ఎక్కువ బియ్యం తెస్తే, భార్య లక్కమ్మ అవసరానికి మించినది ఎక్కడిదక్కడ పోసి రమ్మంది. ఆ బియ్యం దొంగసొత్తు కాదు, మోసంతో తెచ్చిందీ కాదు, తరాజుకు దొరికే తప్పు అందులో లేనే లేదు. అయినా ఆమె తప్పుపట్టింది. ఇది పేదరికాన్ని మెచ్చుకునే కథ, వ్యాపారానికి ఎలా సరిపోతుంది, పెట్టుబడి పెరగకపోతే దుకాణం మూతపడుతుంది అని అనొచ్చు. నిజమే, నిల్వ లేని దుకాణం కరువులో ఎవరికీ అక్కరకు రాదు. అయితే లక్కమ్మ అడిగింది ఎంత మిగిలిందని కాదు, ఎందుకు మిగిలిందని. కరువుకు దాచిన గింజకు జవాబు ఉంటుంది. రైతు నోరు తెరవలేక వదులుకున్న ధర వల్ల మిగిలినదానికి ఏ జవాబు ఉంటుంది?

ఒక తేడా గమనించాలి. మారయ్యను ఆపింది అతని విచారం కాదు, పక్కనున్న మనిషి. తులాధారుడి కథలో ఆ పక్కమనిషి లేడు. తన తరాజు సమమని తనే చెబుతాడు, ఆకాశవాణి వంత పాడుతుంది. వారణాసిలో అతని దగ్గర సరుకు కొన్నవాళ్లు ఒక్కరూ నోరు విప్పరు. నేను మొదట్లో అన్న షరతు ఇదే. గల్లా దగ్గర పుట్టిన ప్రశ్న అక్కడే తిరిగితే అది పొద్దుపోనివాడి ఊసే. ఖాతాలో పేరున్న మనిషి ముందుకు వెళ్లి, అతను ఇచ్చే జవాబుకు లెక్క మార్చుకునే వీలున్నప్పుడే దాన్ని విచారం అనగలం. కొలత మొదట్లో పలికే ఆ ‘లాభం’ ఎవరిదన్న అనుమానమూ అంతే: కొలిచేవాడు ఒక్కడే తేల్చుకుంటే తేలేది కాదు, రాశికి అవతల నిలబడ్డవాడిని కూడా అడగాలి.