చూడని సైకిలు, దాచిన పగులు

 

మంత్రాలయంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు హైస్కూల్లో చదివే తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోనులో ఫోటోలు చూసి హైదరాబాదులో ఒకాయన దగ్గర పాత గేరు సైకిలు కొన్నాడట. డబ్బు ముందే పంపాడు. బస్సు పార్శిలులో వచ్చిన సైకిలు విప్పి చూస్తే ముందు చక్రం రిమ్ము వంకరపోయి ఉంది. ఫోర్కు మీది స్టిక్కరు లేచిన చోట పాత పగులు, లోపలంతా తుప్పు.

"సైకిలు వాపసిచ్చి డబ్బంతా అడగొచ్చా మౌలానా?"

"బస్సులో వేయమన్నది ఎవరు?" అన్నాను.

"నేనే ఆ పార్శిలు ఆఫీసులో అప్పగించమన్నా. ఛార్జీ కూడా నేనే కట్టినా. అయినా రిమ్ము కూడా ముందే వంకరని రాస్తే సరిపోతుంది కదా? దాచినోడు ఆయనే కదా!"

కొడుకు మా ఇద్దరి ముఖాలు చూస్తున్నాడు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ఒక ధాన్యపు కుప్పలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. జనం చూసేలా ఆ తడి గింజలను పైన ఉంచకపోయావా అని అడిగి, మోసగించేవాడు మావాడు కాడని హెచ్చరించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. వాన కురవడం అతని తప్పు కాదు, కప్పిపెట్టడం తప్పు. స్టిక్కరు అతికించినవాడు ఇక్కడే పట్టుబడతాడు. బస్సులో వంగిన రిమ్మును అవతలివాని లెక్కలో రాసేవాడు కూడా ఇక్కడే పట్టుబడతాడు.

హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సరుకు కొన్నవాని స్వాధీనంలోకి రాకముందు జరిగే నష్టం అమ్మినవానిది. కానీ కొన్నవాడే రవాణా కుదిర్చి, వాళ్లకే అప్పగించమంటే, వాళ్ల చేయి అతని చేయి కిందే లెక్క. కాబట్టి రిమ్ము నష్టం ఈ సోదరునిది. దానికి పార్శిలు వాళ్లను అడగవచ్చు. కూలికి పనిచేసేవాని చేతిలో పాడైన వస్తువుకు, తప్పించుకోలేని ప్రమాదమైతే తప్ప, అతనే బాధ్యుడని ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ (రహిమహుమల్లాహ్) అన్నారు. అందుకే పార్శిలును అక్కడే విప్పించి, దెబ్బను రసీదు మీద రాయించుకోవాలి. మనవాళ్లు మాత్రం ఇంటికి తెచ్చాకే విప్పుతారు!

పగులు సంగతి వేరు. అది అమ్మకానికి ముందటిది. అదొక్కటే ఉంటే సైకిలు తిరిగి ఇచ్చే హక్కు ఉండేది. తన స్వాధీనంలో కొత్త లోపం చేరింది కనుక, అమ్మినవాడు ఇష్టపడితే తప్ప వాపసు లేదు. పగులు వల్ల తగ్గిన విలువ మాత్రం అడిగి తీసుకోవచ్చు.

దుకాణాల నుండి ఆన్‌లైనులో కొన్నవారికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలున్నాయి, ఫిర్యాదుకు 1915 నంబరుంది. వ్యాపారి కాక, ఇంట్లోని పాత వస్తువు అమ్ముకునే మనిషికి ఆ నియమాలు వర్తించవు. అక్కడ ఇద్దరి మధ్య ముఖ్యంగా ఉండాల్సింది అమానత్.

ఆ సోదరుడు కాసేపు మౌనంగా ఉండి ఫోను కొడుకు చేతికిచ్చాడు. "రాయి బేటా. రిమ్ము బస్సులో పోయింది, అది మాది. పగులు మీది, దానికెంత తగ్గిస్తారో చెప్పండి అని."

ఇది రాసేనాటికి జవాబు రాలేదు. లోపం తెలిశాక ఎక్కి తిరిగితే ఒప్పుకున్నట్లే లెక్క అని చెప్పాను. సైకిలు గోడకు ఆనించే ఉంది. పిల్లవాడు నడిచే బడికి పోతున్నాడు.