దొంగిలబడిన సొత్తును ఎవరు అచ్చుకొనవలెను?



అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతముల నుండి మనవారు కోర్టు పనికో, ఆసుపత్రికో, పెండ్లి బట్టలకో బందరు వచ్చి, ప్రొద్దుపోయినయెడల లాడ్జీలో దిగుదురు. గుడివాడలోను అంతే. తాళపుచెవి ఇచ్చు బల్ల వెనుక గోడమీద, విలువగల వస్తువులకు తమ పూచీ లేదని బోర్డు వ్రేలాడుచుండుట అనేకులు చూచియేయుందురు. తెల్లవారి లేచి చూడగా పెట్టెలో గాజులు లేవనుకొనుడి. ఆ నష్టము ఎవరిది? ఆ బోర్డు యజమానిని విడిపించునా?

ఈ ప్రశ్న మిక్కిలి పాతది. నిర్గమకాండము 22వ అధ్యాయము, 7వ వచనము మొదలు 15వ వచనము వరకు చదివి చూడుడి. పొరుగువానియొద్ద దాచిన సొమ్ము దొంగిలబడినప్పుడు, దొంగ దొరికినయెడల వాడే రెండంతలు అచ్చుకొనవలెను. దొరకనిచో ఇంటివాడు తానే దానిమీద చెయ్యి వేసెనో లేదో తేలుటకు దేవుని యెదుటికి రావలెను. పశువుల సంగతి వేరు. క్రూరమృగము చీల్చినయెడల ఆ సాక్ష్యము తెచ్చి చూపిన చాలును గాని, తనయొద్దనుండి దొంగిలబడినయెడల కాచువాడు అచ్చుకొనవలెను. ఎందుకీ తేడా? వెండి మూటను ఇంట ఉంచుకొనువాడు పొరుగువానికి ఉపకారము చేయుచున్నాడు. గొడ్డును కాచువానికి కాచుటయే పని. పుచ్చుకొన్న పనినిబట్టి పూచీ పెరుగునని మాకు తోచుచున్నది. రోజుకింత అని అద్దె పుచ్చుకొను లాడ్జీవాడు ఈ ఇద్దరిలో ఎవనికి దగ్గర? కాపరికే గదా!

రోమీయుల చట్టములో ఓడవారు, పూటకూళ్లవారు, గుఱ్ఱపుసాలలవారు ప్రయాణికుల సొత్తు పోయినయెడల తామే అచ్చుకొనవలెనని ఉత్తరువుండెను. వారు దొంగలతో చేయి కలుపుదురను అనుమానము దానికొక కారణము. మంచి సమరయుడు గాయపడినవానిని అప్పగించిన పూటకూళ్లవాడు అట్టివాడు కాడని తలంచుదము. ఇంగ్లండులో సత్రపువాని పూచీ బహు కఠినముగా ఉండగా, 1863లో ఒక చట్టము దానిని సాధారణముగా 30 పౌనులకు పరిమితము చేసెను. అయినను సత్రపువాని తప్పువలనగాని, అతని పనివారి తప్పువలనగాని పోయినప్పుడు, లేక సొత్తును భద్రపరచుమని అప్పగించినప్పుడు ఆ పరిమితి వర్తింపకుండెను.

మన దేశములో 1872 నాటి కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను మధ్యేమార్గము పట్టినది. ఒకని సొత్తును అప్పగింతగా పుచ్చుకొన్నవాడు, సామాన్య వివేకముగలవాడు తన సొత్తును ఎంత జాగ్రత్తగా చూచుకొనునో అంత జాగ్రత్త చూపవలెను. 1998లో ఢిల్లీ తాజ్ మహల్ హోటలులో ఒక అతిథి కారు తాళములను హోటలు మనిషికి అప్పగించెను. తిరిగి వచ్చునప్పటికి కారును వేరెవరో తీసికొనిపోయిరి. నష్టమునకు తమ పూచీ లేదని చీటీమీద అచ్చు వేసితిమని హోటలువారు వాదించిరి. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు దానిని ఒప్పుకొనలేదు. అప్పగింత రుజువైన తరువాత, తాము తగిన జాగ్రత్త తీసికొంటిమని చూపవలసిన భారము హోటలుదే. అచ్చువేసిన చీటీ అజాగ్రత్తను కప్పజాలదు. పిలాతు నీళ్లతో చేతులు కడుగుకొనిన సంగతి మాకు జ్ఞాపకము వచ్చినది.

అయితే అప్పగింత అను మాటను గమనించుడి. బల్లయొద్ద చెప్పక, రసీదు పుచ్చుకొనక, నగలను దిండుక్రింద పెట్టుకొని నిద్రించినవాని వాదము బలహీనము. పైగా మన బందరు ప్రక్కనే చిలకలపూడి యున్నది. అచ్చటి రోల్డుగోల్డు నగ పెట్టెలో నుండగా కాసులపేరు పోయినదని ఒకడు కేకలు వేసినయెడల యజమాని ఏమని నమ్మవలెను? ముందే చూపి అప్పగించుట ఇద్దరికిని క్షేమము.

ఇంతకంటె బరువైన సంగతి ఒకటి కలదు. సొత్తు పోయిన వెంటనే అందరి కన్ను ఎవరిమీద పడును? గదులు ఊడ్చు పిల్లవానిమీద. అట్టి పిల్లలు మన పేటలనుండియే పనికి పోవుచున్నారు. పోతీఫరు ఇంట యోసేపును ఎవరు విచారణ చేసిరి? నిర్గమకాండమునందు దేవుని యెదుట నిలువవలసినవాడు ఇంటి యజమానుడు. పనివానిని కొట్టుమని అచ్చట లేదు. అతిథికి అచ్చుకొనిన యజమాని ఆ మొత్తమును పిల్లవాని జీతములో కోయుట న్యాయమనుకొనువారు కలరు. మేము ఒప్పుకొనము. 2019లో చేయబడిన వేతనముల స్మృతి ప్రకారము, ఆ వస్తువు ప్రత్యేకముగా ఆ పనివానికే అప్పగింపబడి, అతని అజాగ్రత్తవలననే నేరుగా పోయియుండవలెను. కోయుటకు ముందు అతడు తన మాట చెప్పుకొనుటకు అవకాశమియ్యవలెను. గది ఊడ్చినవానికి గదిలోని నగను ఎవరు అప్పగించిరి? మీ పిల్లవానిచేత ఏదైన కాగితముమీద వ్రేలిముద్ర వేయించబోయినయెడల, వేయకముందే సంఘపెద్దలకు కబురు పంపుడి; చదువు వచ్చినవారొకరు వెంట వత్తురు.