గోరా గడప

నేను మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్టలో పాలు పోసే మనిషిని. అయినా, న్యాయం కోసం నిలబడటానికి దేవుడు తప్పనిసరా అని ఎవరైనా అడిగితే నాకు గోరాయే గుర్తొస్తారు. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన ఆయన, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంటరానితనాన్ని మాటలతో ఖండించి ఊరుకోలేదు. సహపంక్తి భోజనాలు నడిపారు. కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. 1975లో ఆయన పోయాక భార్య సరస్వతీ గోరా కేంద్రానికి పెద్దదిక్కయ్యారు.

సంఘం ఊరికి చెప్పే మాట ముందు నాయకుడి ఇంట్లో అమలు కావాలి. భక్తులమైన మనం నడిపే సంఘాల్లో ఎందరు పెద్దలు ఆ పని చేశారు? నా లెక్కలో ధర్మమంటే అదే. దానికి ఆస్తికుడు, నాస్తికుడు అన్న తేడా లేదు.